రోడ్ సైకిల్ టైరు కొనేముందు: బరువు, మోడల్, ధర గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్ సైకిల్‌కి కొత్త టైర్లు అనగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని గ్రాములు?" అని. నేనూ మొదట్లో అదే అడిగేవాణ్ణి. కొన్నేళ్లపాటు రకరకాల టైర్లు వేసి, అరగదీసి, వంటింటి కాటా మీద తూచి చూశాక నా అభిప్రాయం మారింది. బరువు చూడొద్దని అనను. కానీ దానికంటే ముందు చూడాల్సినవి మూడు నాలుగు ఉన్నాయి. అవి వదిలేసి గ్రాముల వెంట పడితే డబ్బూ పోతుంది, వేగమూ రాదు.

తేలికైన టైరు వేస్తే సైకిల్ వేగం పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ మీరు గమనించలేనంత కొద్దిగా. నమ్మకం కుదరకపోతే లెక్క వేసి చూద్దాం.

మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకోండి. ఏడు శాతం వాలున్న ఘాట్ రోడ్డు మీద 1,000 మీటర్ల ఎత్తు ఎక్కుతున్నారు. అంటే దాదాపు 14 కిలోమీటర్ల దారి. మీరు నిలకడగా 200 వాట్ల శక్తితో తొక్కుతున్నారు. భూమ్యాకర్షణకు ఎదురెక్కడానికే సుమారు 70 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు రెండు టైర్లూ కలిపి 60 గ్రాములు తగ్గించారు. ఈ మొత్తం ఎక్కుడులో మీకు మిగిలేది మూడు సెకన్లు. నీళ్ల సీసాలో రెండు గుక్కలు తక్కువ పోసుకున్నా అంతే మిగులుతుంది.

అదే దారిలో బరువు మార్చకుండా, తక్కువ దొర్లుడు ఘర్షణ (టైరు దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం) ఉన్న టైరు వేశారనుకోండి. దొర్లుడు ఘర్షణ గుణకం 0.005 ఉన్న టైరు తీసి 0.003 ఉన్నది వేస్తే దాదాపు రెండు నిమిషాలు మిగులుతాయి. బరువే అన్నిటికంటే ముఖ్యం అనుకునే ఘాట్ రోడ్డు మీదే పరిస్థితి ఇది. చదును రోడ్డు మీద బరువు ప్రభావం ఇంకా తగ్గిపోతుంది.

ఈ ఒక్క లెక్క అర్థమైతే కింద ఉన్న జవాబులు చాలావరకు మీరే ఊహించగలరు.

చక్రం అంచున ఉండే బరువు రెట్టింపు కింద లెక్క అంటారు కదా?

ఆ మాట సగం నిజం. చక్రం ముందుకు కదలడంతో పాటు తిరుగుతుంది కూడా. అందుకని వేగం పెంచేటప్పుడు మాత్రం అంచున ఉన్న గ్రాము దాదాపు రెండు గ్రాములంత శక్తి తీసుకుంటుంది. ఒకే వేగంతో పోతున్నప్పుడు గానీ, నిలకడగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు గానీ ఆ రెట్టింపు వర్తించదు. గ్రాము గ్రామే.

రెట్టింపే అనుకున్నా 60 గ్రాములు 120 అవుతాయి. 85 కిలోల్లో అది 0.14 శాతం. తేలిక టైరు వేసిన మొదటి రోజు సైకిల్ చురుగ్గా కదిలినట్టు అనిపించడం నాకూ అనుభవమే. అయితే అలాంటి టైరుకు పల్చటి, మెత్తటి కేసింగ్ (రబ్బరు కింద దారాలతో చేసిన గుడ్డలాంటి పొర) ఉంటుంది. ఆ చురుకుదనం ఎక్కువ భాగం అక్కణ్ణుంచి వస్తుంది.

మరి వేగాన్ని నిర్ణయించేది ఏమిటి?

టైరు నేలను తాకిన చోట కొంచెం చదునవుతుంది. చక్రం తిరిగేకొద్దీ టైరులోని ప్రతి భాగమూ ఒకసారి నలిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. నలపడానికి ఖర్చైన శక్తి అంతా తిరిగి రాదు. కొంత రబ్బరులో, దారాల్లో వేడిగా పోతుంది. దొర్లుడు ఘర్షణ అంటే ముఖ్యంగా ఇదే. రబ్బరు మందం తక్కువగా ఉండి, కేసింగ్ సులువుగా వంగితే ఈ నష్టం తగ్గుతుంది. రబ్బరు మిశ్రమం కూడా ముఖ్యమే. ఒకే మందం ఉన్న రెండు రబ్బర్లలో ఒకటి బంతిలా ఎగిసి శక్తిని తిరిగి ఇస్తుంది, ఇంకొకటి మింగేస్తుంది.

85 కిలోల మొత్తం బరువుతో గంటకు 30 కిలోమీటర్లు పోతుంటే, గుణకంలో ప్రతి 0.001 తేడాకూ దాదాపు 7 వాట్లు ఖర్చవుతాయి. మంచి రేసు టైరు 0.003 దగ్గర ఉంటుంది. పంక్చర్లు ఆపడానికి మందంగా చేసిన టైరు 0.005 నుంచి 0.006 దాకా పోతుంది. అంటే 14 నుంచి 21 వాట్లు. మామూలుగా 150 వాట్లతో తొక్కేవాళ్లకు అది దాదాపు పదో వంతు, అంతకు పైన కూడా. ఫ్రేమ్ మార్చినా, చక్రాలు మార్చినా ఇంత తేడా ఇంత తక్కువ ఖర్చుతో రాదు. సైకిల్ మీద డబ్బు పెట్టాలనుకునే ప్రతి ఒక్కరికీ ముందు టైర్లే మార్చమని చెప్పేది అందుకే.

టీపీఐ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదా?

టీపీఐ అంటే ఒక అంగుళం వెడల్పులో ఎన్ని దారాలున్నాయో చెప్పే లెక్క. దారాలు సన్నగా, దగ్గరగా ఉంటే కేసింగ్ పల్చగా, మెత్తగా వస్తుంది. ఇక్కడిదాకా నిజం. చిక్కు ఎక్కడంటే అన్ని కంపెనీలూ ఒకే పద్ధతిలో లెక్కించవు. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000 మీద 330 అని కనిపిస్తుంది. అది మూడు పొరలు కలిపిన లెక్క, ఒక్కో పొర 110. విట్టోరియా కోర్సా మీద ఉండే 320 నూలు కేసింగ్‌కి సంబంధించినది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనడం కుదరదు. ఒకే కంపెనీ మోడళ్లను పోల్చుకోవడానికి మాత్రం టీపీఐ పనికొస్తుంది.

షాపులో అంకెలు పక్కనపెట్టి టైరును చేత్తో నొక్కి చూడండి. పక్కభాగం గుడ్డలా మడతపడితే మెత్తటి కేసింగ్. అట్టలా ఎదురు తిరిగితే గట్టిది.

మోడళ్ల పేర్లు చాలా ఉన్నాయి. ఎలా పోల్చుకోవాలి?

ఏ పెద్ద కంపెనీ తీసుకున్నా రోడ్ టైర్లు నాలుగు మెట్లుగా ఉంటాయి. పేర్లు మారుతుంటాయి కానీ మెట్లు మారవు.

అన్నిటికంటే పైన కేవలం పోటీ రోజు కోసం చేసినవి. కాగితంలా పల్చగా ఉంటాయి, రోజువారీ వాడకానికి కావు. వాటి కింద అసలైన రేసు టైర్లు: కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000, విట్టోరియా కోర్సా, ష్వాల్బే ప్రో వన్, పిరెల్లి పీ జీరో రేస్ లాంటివి. వేగం, పట్టు, మన్నిక మూడూ ఒకచోట కుదిరేది ఇక్కడే. మూడో మెట్టు సాధన టైర్లది. విట్టోరియా రుబినో ప్రో ఇందులోకి వస్తుంది. 150 టీపీఐ నైలాన్ కేసింగ్, కొంచెం మందమైన రబ్బరు, తక్కువ ధర. గట్టి టైర్లు ఈ వరసలోనే ఒక పక్కగా ఉంటాయి. కాంటినెంటల్ గేటర్‌స్కిన్ వాటిలో పేరున్నది. ఇక నాలుగో మెట్టు, కొత్త సైకిల్‌తో పాటు వచ్చే మామూలు టైర్లు. చాలావాటికి అంచులో ఇనప తీగ ఉంటుంది.

ఇక్కడ ఒక పోలిక చెప్పి తీరాలి. 25 మిల్లీమీటర్ల సైజులో గ్రాండ్ ప్రీ 5000 సుమారు 220 గ్రాములు. మడిచే రకం (అంచులో ఇనప తీగ లేని) గేటర్‌స్కిన్ సుమారు 250. తేడా 30 గ్రాములే. కాటా మాటే నమ్మితే రెండూ దాదాపు ఒకటే. కానీ డ్రమ్ము మీద తిప్పి కొలిచిన పరీక్షల్లో ఒక్కో టైరుకు ఏడెనిమిది వాట్ల తేడా కనిపిస్తుంది. బరువు చూసి టైరు గుణం చెప్పలేమనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పరీక్షల ఫలితాలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకే చోట, ఒకే గాలి ఒత్తిడిలో, ఒకే ట్యూబుతో కొలిచిన అంకెల్నే పోల్చండి. ఒకచోట 10 వాట్లు, ఇంకోచోట 14 వాట్లు కనిపిస్తే టైర్లు వేరని కాదు, కొలిచిన పద్ధతి వేరు కావచ్చు.

పెట్టె మీద రాసిన బరువును నమ్మొచ్చా?

సగటుగా నమ్మొచ్చు. ఒక్కో టైరు విడిగా చూస్తే ఐదు శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. ఒకే పెట్టెలో వచ్చిన రెండు టైర్లు 212, 226 గ్రాములు తూగడం నేను చూశాను. దాన్ని లోపంగా చూడనక్కర్లేదు. రబ్బరు పోతలో ఆ మాత్రం హెచ్చుతగ్గులు ఉంటాయి.

తీగ అంచు టైరుకీ, మడిచే టైరుకీ మధ్య మాత్రం ఒకే మోడల్లో కూడా 50 గ్రాములు, అంతకు పైనా తేడా రావచ్చు. మడిచే దాంట్లో ఇనప తీగ బదులు అరమిడ్ దారం ఉంటుంది. చాలాసార్లు కేసింగ్, రబ్బరు కూడా మెరుగ్గా ఉంటాయి కాబట్టి, రెండింటి మధ్య ధర తేడా మరీ ఎక్కువ కాకపోతే మడిచేదే తీసుకోమంటాను. బరువు తగ్గడం అదనపు లాభం అనుకోండి.

ఎంత వెడల్పు తీసుకోవాలి? 23, 25, 28, 30?

ఒకప్పుడు 23 అంటే రేసు, 28 అంటే కూరగాయల సంచీ సైకిల్ అన్నట్టు ఉండేది. ఇప్పుడు పోటీల్లోనే 28, 30 మామూలైపోయాయి. కారణం ఏమిటంటే, ఒకే ఒత్తిడిలో వెడల్పు టైరు నేలను తాకే జాడ పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. సన్న టైరు జాడ పొడుగ్గా ఉంటుంది. పొట్టి జాడలో టైరు తక్కువగా నలుగుతుంది. పైగా గాలి తగ్గించుకునే వీలుంటుంది కాబట్టి గతుకులు శరీరానికి తగలవు. గతుకు మీద మీరూ సైకిలూ కలిసి పైకి ఎగిరారంటే ముందుకు పోవాల్సిన శక్తి పైకి పోయినట్టే. ఈ నష్టం నున్నటి డ్రమ్ము మీద చేసిన పరీక్షల్లో సరిగా బయటపడదు. రోడ్డు మీద మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

ఇంతకీ నా సలహా: ఫ్రేమ్‌లో పడితే 28 తీసుకోండి. రోడ్లు గరుకుగా ఉంటే 30, 32 కూడా. 25 నుంచి 28కి వెళ్తే టైరుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతాయి. పైన వేసిన లెక్క ప్రకారం దాని విలువ ఎంతో మీకు తెలుసు. చాలా ఎక్కువ వేగంతో పోటీపడేవాళ్లు మాత్రం గాలి నిరోధం కోసం ముందు టైరు రిమ్ము వెడల్పును మించకుండా చూసుకుంటారు. మిగతావాళ్లకి ఆ టెన్షన్ అక్కర్లేదు.

నా సైకిల్‌కి పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

టైరు పక్కన 28-622 అని ఉంటుంది. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం. 700సీ అని పిలిచేవన్నీ 622. పాత సైకిళ్ల 27 అంగుళాల చక్రం 630. ఎనిమిది మిల్లీమీటర్లే కదా అని సర్దితే కూర్చోదు. 650బీ అయితే 584.

వెడల్పు విషయంలో అంకెను కాక నిజమైన కొలతను చూడాలి. టైరును వెడల్పు రిమ్ము మీద వేస్తే అది రాసినదానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. ఫోర్కు, బ్రేకు, వెనక ఫ్రేమ్ గొట్టాల దగ్గర ప్రతి పక్కా కనీసం 4 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. చక్రం కొంచెం వంకరపోయినా, చిన్న రాయి అంటుకుని వచ్చినా ఫ్రేమ్‌కి గీసుకోకుండా ఉండేది ఆ ఖాళీ వల్లే. రిమ్ బ్రేకులున్న పాత సైకిళ్లలో చాలావాటికి 25 దాటితే బ్రేకు కిందే తగులుకుంటుంది. కొనేముందు పాత టైరును గాలి నింపి వెర్నియర్‌తో కొలిచి, మిగిలిన ఖాళీ చూసుకోండి.

గాలి ఎంత కొట్టాలి?

టైరు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి మీరు కొట్టాల్సిన ఒత్తిడి కాదు. అది దాటకూడని గీత. 70 కిలోల మనిషికి 25 టైరులో 80 నుంచి 90 పీఎస్ఐ, 28లో 65 నుంచి 75, 32లో 50 నుంచి 60 మధ్య మొదలుపెట్టి సర్దుకుంటే సరిపోతుంది. బరువు వెనక ఎక్కువ పడుతుంది కాబట్టి ముందు మూడు నాలుగు పీఎస్ఐ తక్కువ. బరువైన మనిషి కొంచెం ఎక్కువ పెట్టుకోవాలి, రోడ్డు గరుకైతే కొంచెం తగ్గించాలి.

ఖరీదైన టైరు కొని అందులో 120 కొట్టేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఆ మెత్తటి కేసింగ్‌కి పెట్టిన డబ్బంతా అక్కడే పోతోంది. గేజీ ఉన్న పంపు ఒకటి కొనుక్కోండి. వేళ్లతో నొక్కి చెప్పే అంచనా 70కీ 90కీ తేడా పట్టుకోలేదు.

ట్యూబ్‌లెస్‌కి మారితే బరువు తగ్గుతుందా?

దాదాపు తగ్గదు. 28 సైజులో చూద్దాం. గ్రాండ్ ప్రీ 5000 ట్యూబు రకం సుమారు 240 గ్రాములు. మామూలు బ్యూటైల్ (నల్ల రబ్బరు) ట్యూబు 100 పైచిలుకు. మొత్తం 340 పైన. అదే మోడల్లో ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చే ఎస్ టీఆర్ సుమారు 280 గ్రాములు. సీలెంటు (చిల్లులు మూసే ద్రవం) 30 నుంచి 40 గ్రాములు, వాల్వ్ కొన్ని గ్రాములు కలిపితే 320 దాటుతుంది. చెప్పుకోదగ్గ తేడా లేదు.

ట్యూబ్‌లెస్ ఎందుకు వేసుకోవాలంటే చిన్న ముళ్లు, గాజు ముక్కలు గుచ్చుకున్నా సీలెంటు మూసేస్తుంది, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి పంక్చర్ కావడం ఉండదు, గాలి ఇంకా తగ్గించుకోవచ్చు. బదులుగా కొన్ని నెలలకోసారి సీలెంటు ఎండిపోయిందేమో చూసి పోయాలి. టైరు ఎక్కించడం కూడా కష్టం. రోజూ ముళ్లదారిలో పోయేవాళ్లకు బాగా ఉపయోగం. నెలకు నాలుగుసార్లు తొక్కేవాళ్లకు అక్కర్లేని పని.

భద్రతకు సంబంధించిన ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. కొన్ని కొత్త రిమ్ముల లోపలి అంచుకు టైరును పట్టి ఉంచే కొక్కెం ఉండదు. వాటిని హుక్‌లెస్ అంటారు. వాటిలో రోడ్ టైరుకు 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ దాటి గాలి కొట్టకూడదు. పైగా హుక్‌లెస్‌కి పనికొస్తుందని కంపెనీ రాసిన టైరే వేయాలి. ట్యూబుతో వాడే మామూలు మడత టైరు అక్కడ వేస్తే గాలి ఒత్తిడికి ఊడి బయటికి రావచ్చు. ధర చూసి సర్దుకుపోవాల్సిన విషయం కాదిది.

ట్యూబు మారిస్తే లాభమా?

చాలా లాభం. టైరు గురించి ఇంత ఆలోచించేవాళ్లు ట్యూబును పట్టించుకోరు. మామూలు బ్యూటైల్ 100 గ్రాములు, పల్చటిది 70 దాకా, టీపీయూ (పల్చటి ప్లాస్టిక్) రకం 25 నుంచి 40. టైరులో 30 గ్రాములు తగ్గించడానికి పై మెట్టు మోడల్ కొనేకంటే టీపీయూ ట్యూబుతో అంతకు రెట్టింపు తగ్గుతుంది. లేటెక్స్ ట్యూబు అంత తేలిక కాదు కానీ బాగా సాగుతుంది కాబట్టి ఒక్కో చక్రానికి ఒకటి రెండు వాట్లు మిగులుతాయి. రాత్రికి రాత్రే గాలి దిగిపోతుంది, రోజూ పంపు పట్టాల్సిందే. కార్బన్ రిమ్ముకు రిమ్ బ్రేకులు వాడేవాళ్లు మాత్రం దిగుడుదారుల్లో పుట్టే వేడికి లేటెక్స్, టీపీయూ రెండింటికీ దూరంగా ఉండటం మంచిది.

పంక్చర్లు కాని టైరు ఏది?

అలాంటిది లేదు. ఉన్నంతలో దగ్గరగా వచ్చేవి ష్వాల్బే మారథాన్ ప్లస్ లాంటి ప్రయాణపు టైర్లు. అడుగున 5 మిల్లీమీటర్ల రక్షణ పొర ఉంటుంది. కానీ అవి రేసు టైరుకు రెండు మూడు రెట్ల బరువు, ఎడ్లబండి లాగినట్టుంటుంది. రేసు టైర్లలో అరమిడ్, వెక్‌ట్రాన్ లాంటి గట్టి దారాలతో నేసిన పల్చటి పట్టీ నడిమధ్యలో ఉంటుంది. పక్కభాగాలకు రక్షణ తక్కువ.

ఆ పక్కభాగం సంగతి నాకు అనుభవంతో తెలిసింది. ఒకసారి బరువు చూసి మోజుపడి పోటీ రోజు వాడే టైరును రోజువారీ తొక్కుడుకు వేశాను. మూడు వారాలకే పదునైన రాయి తగిలి పక్కన బొటనవేలంత చీలిక పడింది. ఇల్లు ఇరవై కిలోమీటర్లు. జేబులో ఉన్న బిస్కెట్ కాగితం మడిచి లోపల పెట్టి, తక్కువ గాలితో మెల్లగా చేరాను. అప్పటినుంచి టైరు కొనేముందు మధ్యభాగంతో పాటు పక్కభాగాన్నీ పట్టి చూస్తాను.

పంక్చర్ అయినప్పుడు ట్యూబును ఒకసారి చదవండి. పక్కపక్కన రెండు చిల్లులుంటే పాము కాటులాగా, గాలి తక్కువై రిమ్ము నొక్కేసిందని అర్థం. తప్పు టైరుది కాదు. ట్యూబు లోపలివైపు చిల్లుంటే రిమ్ములో పుల్లల రంధ్రాలను కప్పే టేపు జరిగింది. బయటివైపు ఉంటేనే టైరును నిందించాలి. ఆ చోట టైరు లోపల వేలితో తడిమితే సన్నటి ఇనపముక్కో గాజుపెంకో తగులుతుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే మళ్లీ అదే కథ.

వానలో పట్టు కోసం గీతలున్న టైరు కావాలా?

తారు రోడ్డుకు అక్కర్లేదు. కారు టైరు నీటి మీద తేలిపోతుంది కాబట్టి దానికి నీరు పోయే కాలువలు కావాలి. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, ఒత్తిడీ ఎక్కువ. 90 పీఎస్ఐ దగ్గర అది నీటి మీద తేలాలంటే గంటకు 150 కిలోమీటర్లు దాటాలి. తడిలో పట్టు రబ్బరు మిశ్రమం నుంచి, సరైన గాలి నుంచి వస్తుంది. మీద ఉండే సన్న గీతలు ఎక్కువగా చూపుకోసమే.

ధరకు తగ్గ విలువ ఉందో లేదో ఎలా లెక్కేయాలి?

చౌక టైరు ఎప్పుడూ చౌక కాదు, ఖరీదైనది ఎప్పుడూ దండగ కాదు. వెయ్యి కిలోమీటర్లకు ఎంత పడుతుందో చూడండి. ఒక రేసు టైరు ధర 100 అనుకుందాం. వెనక చక్రానికి 4,000 కిలోమీటర్లు వచ్చిందంటే వెయ్యికి 25. గట్టి సాధన టైరు ధర 60, వచ్చింది 6,000. వెయ్యికి 10. కంపెనీతో వచ్చే మామూలు టైరు ధర 30, వచ్చింది 3,000. అదీ వెయ్యికి 10 పడింది. తొక్కడానికి మాత్రం బరువుగా, మొద్దుగా ఉంటుంది. సగం ధర చూసి కొన్నదాంట్లో మిగిలిందేమీ లేదు.

ఇక రేసు టైరుకు వెయ్యి కిలోమీటర్లకు 15 ఎక్కువ పెట్టడం సబబేనా? అది మీరెందుకు తొక్కుతున్నారో దాన్నిబట్టి ఉంటుంది. ఒంటరిగా సాధన చేసేవాళ్లకు వాట్లు పోతే నష్టం లేదు, కాళ్లకు పని దొరికినట్టే. గుంపులో తనకంటే బలమైనవాళ్లతో పోయేవాళ్లకు ఆ 14 వాట్లు వెనకబడటానికీ, కలిసి ఇల్లు చేరడానికీ మధ్య తేడా. వంద కిలోమీటర్లు దాటే ప్రయాణాలకూ నేను మంచి టైరే వేస్తాను. చివరి ముప్పై కిలోమీటర్లలో ఆ హాయి తెలుస్తుంది. రోజూ ఆఫీసుకు పోయేవాళ్లకు ఆలస్యం కాకపోవడమే విలువ, గట్టి టైరే సరి.

డబ్బు తక్కువుంటే ఒక ఉపాయం ఉంది. కొత్త మోడల్ వచ్చినప్పుడు పాతది తగ్గింపు ధరకు దొరుకుతుంది. 2018 చివర్లో గ్రాండ్ ప్రీ 5000 వచ్చినా అంతకుముందున్న 4000 ఎస్ 2 రాత్రికి రాత్రే చెడ్డ టైరైపోలేదు. మొన్నటిదాకా అందరూ మెచ్చుకున్న టైరు అది. కాకపోతే పాత సరుకు కొనేటప్పుడు టైరును వంచి పక్కభాగంలో సన్నటి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. ఎండ తగిలేలా వేలాడదీసిన టైరు వాడకుండానే పాడవుతుంది. చీకట్లో, చల్లగా ఉంచినది కొన్నేళ్లు నిలుస్తుంది.

ముందు, వెనక వేర్వేరు టైర్లు వేయొచ్చా?

వేయొచ్చు. డబ్బు పరిమితంగా ఉంటే నేను అదే చెప్తాను. పంక్చర్లు ఎక్కువగా వెనకే అవుతాయి, అరుగుదలా వెనకే. ముందు టైరు జారితే పడిపోతారు, వెనకది జారితే చాలాసార్లు ఆపుకోగలరు. కాబట్టి మంచి పట్టున్నది ముందు, గట్టిది వెనక. బరువు వెనక ఎక్కువ పడుతుంది కాబట్టి కొన్ని వాట్లు పోతాయి. ఆ బేరం నాకు నచ్చింది.

టైరు మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

కాంటినెంటల్ లాంటి కంపెనీల టైర్లలో మధ్యన రెండు చిన్న గుంటలు ఉంటాయి. అవి కనిపించకుండా పోతే మార్చేయాలి. లేనివాటిలో వెనక టైరు నడుమ చదునుగా పలకలా మారడం, లోపలి దారాలు కనబడటం, ఉన్నట్టుండి వారానికో పంక్చర్ కావడం గుర్తులు. పక్కభాగం ఎక్కడైనా ఉబ్బితే ఆరోజే తీసేయండి.

వెనకది అరిగితే కొత్త టైరు నేరుగా వెనక వేయకండి. ముందు ఉన్నది వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయండి. అరిగిన టైరును ముందుకు మాత్రం ఎప్పుడూ తేవద్దు.

కొత్త టైరు ఎక్కించాక ఏం చూసుకోవాలి?

తిరిగే దిశ బాణం గుర్తుంటే అటువైపే పెట్టండి. కంపెనీ పేరు వాల్వ్ దగ్గరికి వచ్చేలా ఎక్కిస్తే, పంక్చర్ అయినప్పుడు ట్యూబులో చిల్లునుబట్టి టైరులో ముల్లు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. ట్యూబుకు ముందు కొంచెం గాలి కొట్టి గుండ్రంగా చేసి పెడితే మెలిపడదు. చివరి జానెడు అంచు వేళ్లతోనే తోయండి, లివర్ వాడితే ట్యూబు చిట్లుతుంది. ఆ చివరి భాగం వాల్వ్‌కి ఎదురుగా కాకుండా వాల్వ్ దగ్గరే వచ్చేలా చూసుకోండి. కొన్ని కొత్త టైర్లు మొదట్లో కష్టపెడతాయి, రెండోసారికి సర్దుకుంటాయి.

సగం గాలి కొట్టి ఆపి చక్రం తిప్పండి. రిమ్ము పక్కన టైరు మీద ఉండే సన్నటి గీత రెండు వైపులా చుట్టూ ఒకే ఎత్తులో కనిపించాలి. ఎక్కడైనా లోపలికి మునిగితే గాలి తీసి, అక్కడ చేత్తో పిసికి మళ్లీ కొట్టండి. అన్నీ సరిగ్గా ఉంటే పూర్తి గాలి పెట్టి, మొదటి కొన్ని కిలోమీటర్లు మలుపుల్లో మెల్లగా పోనివ్వండి. కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన నున్నటి పొర ఉంటుంది, అది పోయేదాకా పట్టు పూర్తిగా దొరకదు. ఇంటికొచ్చాక ఒత్తిడి ఎంత పెట్టారో, తేదీ, మీటరులో కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి పంపు దగ్గర అంటించండి. వచ్చేసారి టైరు కొనేటప్పుడు పెట్టె మీద అంకెలకంటే ఆ కాగితమే ఎక్కువ ఉపయోగపడుతుంది.